రెండు గంటలకోసారి

"ఇది నువ్వు రాసిందేనా?"

కోచ్ అడగడం ఇది మూడోసారి. ఉడత మూడోసారి కూడా నోరు విప్పలేదు.

ఆయన ఒళ్ళో నీలం అట్ట నోటుబుక్కు తెరిచి ఉంది. వదిన పెట్టి వెళ్ళిన టీ స్టూలు మీద చల్లారిపోయి మీగడ కట్టింది. తొమ్మిదేళ్ళుగా ఉడతకి పరుగు నేర్పుతున్న మనిషి ఈ ఇంటి గడప తొక్కడం ఇది రెండోసారి. మొదటిసారి అమ్మకి పక్షవాతం వచ్చినప్పుడు వచ్చి, రెండు నిమిషాలు నిలబడి, ఏం మాట్లాడాలో తెలియక వెళ్ళిపోయాడు. ఈసారి వెళ్ళేలా లేడు.

"సరే, నేనే చదువుతా విను. ఒకటో తారీఖు, పదింటికి పడుకున్నాను, అయిదింటికి లేచాను, ఏడు గంటలు. రెండో తారీఖు, పది, అయిదు, ఏడు. మూడో తారీఖూ అంతే. నాలుగూ అంతే." పేజీలు గబగబా తిప్పాడు. "అయిదు నెలలు ఇదే. ఒక్క రోజు పదింబావు లేదు, ఒక్క రోజు ఆరు గంటలు లేదు. గోడ గడియారం కూడా ఇంత కచ్చితంగా ఉండదమ్మా. నేను రోజూ చూసి సంతకం పెట్టాను చూడు, నన్ను అనాలి."

"సార్, అది..."

"పొద్దున మీ వదిన ఫోన్ చేసి చెప్పకపోతే ఇప్పటికీ నాకు తెలిసేది కాదు."

అన్నయ్య తలెత్తి వదినవైపు చూశాడు. పొద్దుటి డ్యూటీ దిగి వచ్చి ఇంకా ఖాకీ చొక్కా కూడా విప్పలేదు. ఆ చూపుకి వదిన బెదరలేదు. వంటింటి తలుపుకి ఆనుకుని, చేతులు కట్టుకుని నిలబడింది.

"ఆయన్నెందుకు కంగారు పెట్టావు? ఇంటి విషయం ఇంట్లో ఉండాలి కదా," అన్నాడు అన్నయ్య.

"ఇంట్లోనే ఉంచాం కదండీ అయిదు నెలలు. ఏమైంది? నిన్న స్కానింగ్‌లో బయటపడింది."

లోపలి గదిలోంచి అమ్మ ఊపిరి చప్పుడు వినిపిస్తోంది. అమ్మకి కుడిపక్క చెయ్యీ కాలూ పోయాయి, మాట సగం పోయింది, కానీ చెవులు మాత్రం పాము చెవులు. తలుపు తీసి ఉందన్న సంగతి అందరికీ తెలుసు. లేచి వెయ్యడానికి ఎవరికీ మొహం చెల్లలేదు.

నిన్న స్కానింగ్ చూసిన డాక్టరు మాటలు ఉడత చెవుల్లో ఇంకా మోగుతూనే ఉన్నాయి. మోకాలి కింద ముందరి ఎముక వాచింది. పగులు ఇంకా రాలేదు, ఇలాగే పరిగెడితే పది రోజుల్లో వస్తుంది. మూడు వారాలు పరుగు బంద్. ఆ మూడు వారాలూ రోజుకి ఎనిమిది గంటలు, మధ్యలో లేవకుండా నిద్ర. మందు చీటీ మీద ఆయన మొదట రాసింది ఆ ఎనిమిది గంటలే, మాత్రలు తర్వాత.

"పరుగు ఎముకని నలగ్గొడుతుంది, నిద్ర దాన్ని బాగుచేస్తుంది. నువ్వు నలగ్గొట్టడం ఒక్కటే చేస్తున్నావు," అన్నాడాయన.

సెలెక్షన్స్‌కి ఆరు వారాలుంది. ఉడతకి ఇరవై ఏడేళ్ళు. ఎనిమిది వందల మీటర్ల పరుగులో దేశం టీములోకి వెళ్ళే అవకాశం రెండుసార్లు వెంట్రుకవాసిలో తప్పిపోయింది. నాలుగేళ్ళకోసారి పెట్టే ఆ సెలెక్షన్స్ మళ్ళీ వచ్చేసరికి ముప్ఫై దాటుతుంది. ఇదే ఆఖరి ఛాన్సని గ్రౌండ్‌లో సున్నపు గీతలు గీసే మనిషి దగ్గర్నుంచి అందరికీ తెలుసు.

ఒక్కచోట కుదురుగా కూర్చోని పిల్లకి అమ్మ పెట్టిన ముద్దుపేరు ఉడత. గ్రౌండ్‌లో కూడా అదే స్థిరపడిపోయింది. ఆ ఉడత ఇప్పుడు కుర్చీలో శిల్పంలా కూర్చుంది.

"నిజం ఎందుకు రాయలేదు?" కోచ్ గొంతు తగ్గింది.

"రాస్తే తీసేసేవాళ్ళు."

"తీసేసేవాణ్ణి కాదు. తగ్గించేవాణ్ణి. ఏడు గంటలు పడుకునే మనిషి మొయ్యగలిగిన పని నీ చేత చేయించాను. కొండ ఎక్కించాను, రెండు పూటలా పరిగెత్తించాను. నువ్వేమో రెండు గంటలకోసారి లేస్తున్నావు. ఎన్నింటికి లేస్తావు?"

"పన్నెండుకి. రెండుకి. నాలుక్కి."

"నాలుక్కి లేచాక మళ్ళీ పడుకుంటావా?"

"అయిదున్నరకి గ్రౌండ్‌కి రావాలి కదా సార్. ఇక పడుకుని ఏం లాభం?"

కోచ్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ముక్కుసూటి మనిషి, తిట్టాలనుకుంటే ఎదుటివాళ్ళ తాతల్ని కూడా వదలడు. ఇప్పుడు తిట్టడానికి ఎవరూ దొరక్క తన కళ్ళజోడు మీద పడ్డాడు.

మంచం మీద కదల్లేని మనిషిని రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలి. లేకపోతే ఎముక ఒరుసుకున్న చోట చర్మం చచ్చి పుండు పడుతుంది. ఈ సంగతి ఇంట్లో ఎవరికీ డాక్టరు చెప్పక్కర్లేదు. అమ్మ ఇరవై రెండేళ్ళు ఆస్పత్రి వార్డులో ఆయాగా చేసింది. దుప్పటి అంచు పట్టుకుని లాగి, భుజం కింద చెయ్యి వేసి దొర్లించి, వీపు వెనక దిండు దోపడం ఎంతమందికి నేర్పిందో లెక్కలేదు. ఇప్పుడు ఆ పని తనకే కావలసి వచ్చింది.

అన్నయ్య చెయ్యలేడు. తెల్లవారుజామున అయిదింటి మొదటి బస్సు తనదే. "నేను కునికితే వెనకాల నలభై మంది," అని మొదటివారమే చేతులెత్తేశాడు. అందులో అబద్ధం లేదు, కాబట్టి ఎవరూ తప్పుపట్టలేదు.

ఇక వదిన చెయ్యచ్చు. చేస్తానని వచ్చింది కూడా. అమ్మే చెయ్యనివ్వలేదు. కోడలు దగ్గరికొస్తే ఎడం చేత్తో దుప్పటి పీక దాకా లాక్కుని, మొహం గోడవైపు తిప్పేసుకునేది. వేల మందికి ఒళ్ళు తుడిచిన మనిషి తన ఒంటి మీద కోడలి చెయ్యి పడితే తట్టుకోలేకపోయింది. ఆ సిగ్గుకి అర్థం లేదని అందరికీ తెలుసు, అమ్మకీ తెలుసు. తెలిస్తే పోయే సిగ్గు కాదది.

"నేనేం పరాయిదాన్నా సార్," అంది వదిన ఉన్నట్టుండి, కోచ్ ఏదో అడిగినట్టు. "వారం రోజులు ప్రయత్నం చేశాను. ఆవిడ ఏడ్చారు. ఇక నేనేం చెయ్యను? ఉడత లేస్తున్న అలికిడి నాకూ వినిపించేది. వింటూ పడుకునేదాన్ని."

అన్నయ్య చొక్కా గుండీతో ఆడుకుంటూ ఉండిపోయాడు.

కోచ్ మళ్ళీ నోటుబుక్కు అందుకున్నాడు. రెండో వైపు పేజీల్లో తన దస్తూరీతో రాసుకున్న పరుగు టైములున్నాయి.

"ఒక్కటి మాత్రం నాకు అంతుబట్టడం లేదు. పోయిన నెల పదో తారీఖు నుంచి పదమూడు దాకా. ఈ నాలుగు రోజులు. అంతకుముందు రెండు నిమిషాల ఏడు సెకన్లు, ఎనిమిది సెకన్లు. పన్నెండో తారీఖున రెండు నిమిషాల మూడు. నీ జన్మలో అంత వేగం పరిగెత్తలేదు. ఆఖరి రెండొందల మీటర్లలో కాళ్ళు బరువెక్కలేదన్నావు, గుర్తుందా? ఆ నాలుగు రోజులు చూసే నేను పని పెంచాను. ఆ వారం ఏం చేశావు?"

"ఏం చెయ్యలేదు సార్. అలవాటు పడిపోయాననుకున్నా."

నిజంగానే అలా అనుకుంది. ఆ వారం పొద్దున కళ్ళు తెరిస్తే కిటికీలో వెలుతురు ఉండేది, తలలో సీసం పోసినట్టుండే బరువు లేదు. నిద్రమత్తులోనే లేచి అమ్మని తిప్పి పడుకుంటున్నానని, ముక్కలు ముక్కలుగా నిద్రపోవడం ఒంటికి పట్టుబడిందని మురిసిపోయింది. పన్నెండో తారీఖు సాయంత్రం అమ్మ మంచం అంచున కూర్చుని, "అమ్మా, రెండు నిమిషాల మూడు. విన్నావా? మూడు," అని వేళ్ళు చూపించింది. అమ్మ సగం మొహంతో నవ్వింది.

తరవాత వారం బరువు మళ్ళీ వచ్చింది. పని పెరిగింది. కాలు నొప్పి మొదలైంది.

వీధి తలుపు చప్పుడైంది. డ్రెస్సింగ్ చెయ్యడానికి నర్సు వచ్చింది. రోజు విడిచి రోజు ఈ వేళకే వస్తుంది. ఒకప్పుడు అమ్మ ఉన్న వార్డులోనే పనిలో చేరిన మనిషి. అందరికీ ఒక నవ్వు పారేసి, తిన్నగా లోపలి గదిలోకి నడిచింది.

ఉడత గభాల్న లేచి వెనకే వెళ్ళింది. కోచ్ ప్రశ్నల నుంచి తప్పించుకోవడానికి అంతకంటే మంచి సాకు లేదు.

లోపలి గదిలో రెండు మంచాలు పక్కపక్కనే ఉన్నాయి. మధ్యలో మూర జాగా. నర్సు అమ్మని పక్కకి తిప్పి, నడుము కింద పాత కట్టు విప్పింది. ఉడత సెలైన్ సీసా పట్టుకుని నిలబడింది. అరచేతిలో పట్టేంత పుండు. రోజు విడిచి రోజు చూస్తున్నా, చూసిన ప్రతిసారీ ఒళ్ళు జలదరిస్తూనే ఉంది.

"తగ్గుతోందా?"

"లోతుగా ఉంది. ఇంట్లో కుదరదని పోయినసారే చెప్పాను కదా. గాలి పరుపు కావాలి, రోజుకి రెండుసార్లు డ్రెస్సింగ్ కావాలి." నర్సు దూది తడిపింది. "అయినా అక్క ఒంటికి పుండు పడటమేంటి? రోగి ఒంటి మీద మచ్చ కనిపిస్తే మా ప్రాణాలు తోడేసేది వార్డులో."

"రాత్రి ఒక్కసారి ఆలస్యమైతే పడుతుందా?"

"ఒక్కసారికి పడదు. ఒక్క రాత్రికి ఎరుపు వస్తుంది, పొద్దున్నకి పోతుంది. ఇంత లోతు రావాలంటే వరసగా మూడు నాలుగు రాత్రులు తెల్లవార్లూ ఒక్క పక్కనే పడి ఉండాలి."

"నేను ఒక్క రాత్రి కూడా వదల్లేదు."

"నిన్ననడం లేదమ్మా. మొదట ఎప్పుడు చూశావు?"

"పోయిన నెల. పధ్నాలుగో తారీఖు. గ్రౌండ్ నుంచి వచ్చి ఒళ్ళు తుడుస్తుంటే..."

ఉడత మాట మధ్యలో ఆగిపోయింది.

పది, పదకొండు, పన్నెండు, పదమూడు. ఆ నాలుగు రాత్రులు గుర్తు తెచ్చుకోబోయింది. మిగతా రాత్రులన్నీ పాదాలకి గుర్తున్నాయి. చల్లటి గచ్చు, చేతిలో దుప్పటి అంచు, అమ్మ భుజం బరువు, దిండు దోపుతుంటే అమ్మ నోట్లోంచి వచ్చే చిన్న మూలుగు. ఆ నాలుగు రాత్రుల్లో అవేవీ లేవు. పడుకోవడం గుర్తుంది, కిటికీలో వెలుతురు గుర్తుంది, మధ్యలో ఏమీ లేదు.

అలారం మోగే ఫోను అప్పట్లో రెండు మంచాల మధ్య స్టూలు మీద ఉండేది, అమ్మ ఎడం చేతివైపు. తరవాత ఛార్జర్ పాడైతే అన్నయ్య అవతలి గోడ ప్లగ్గుకి మార్చాడు.

"అమ్మా."

అమ్మ కళ్ళు మూసుకుంది.

"అమ్మా, అలారం ఆపింది నువ్వా?"

నిద్ర నటించే రోగుల్ని ఇరవై రెండేళ్ళు చూసిన మనిషే, తనకి మాత్రం నటన చేతకాలేదు. మూసిన రెప్పలు వణుకుతూనే ఉన్నాయి.

"ఎన్ని రాత్రులు?"

ఎడం చెయ్యి దుప్పటి మీద మెల్లగా లేచింది. బొటనవేలు మడిచి, నాలుగు వేళ్ళు చాపింది.

నర్సు చేతిలో దూది అలాగే ఉండిపోయింది. "అక్కా, ఏమవుతుందో నీకు తెలీదా?"

"తె...లు...సు."

"మరి?"

అమ్మ కళ్ళు తెరిచింది. నర్సు వంక చూడలేదు. కూతుర్నే చూస్తూ, రెండు వేళ్ళు పరుపు మీద ఆనించి, ఒకదాని వెనక ఒకటి గబగబా కదిపింది. వేళ్ళు మంచం అంచుదాకా పరిగెత్తి ఆగాయి.

"మూ...డు," అంది. ఆ మాట అంటూ నవ్వింది కూడా.

ఉడతకి ముందు ఏడుపు రాలేదు. ఒళ్ళు మండిపోయింది.

"ఎవరడిగారు నిన్ను? నేనడిగానా? ఒక్క రాత్రి ఆపావు, సరే. ఎర్రబడిందని నీకు తెలియలేదా? నొప్పి పుట్టలేదా? మళ్ళీ రెండో రాత్రి ఎందుకు ఆపావు? నేను వచ్చి మూడు, మూడు అని గంతులేస్తుంటే నువ్వు ఆ పక్క మీదే..."

సెలైన్ సీసా కింద పెట్టి, గోడకి మొహం ఆనించుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. తన జీవితంలో అన్నిటికంటే బాగా పరిగెత్తిన రోజు ఏ ఖరీదుకి వచ్చిందో ఇప్పుడు తెలిసింది. ఆ రోజు ఇక తన సొంతం కాదనిపించింది.

గుమ్మంలో ముగ్గురూ నిలబడి ఉన్నారు. ఎప్పుడొచ్చారో ఎవరూ చూడలేదు. కోచ్‌కి అంతుబట్టనిది అంతుబట్టింది.

నర్సు కట్టు కట్టి వెళ్ళేటప్పుడు గుమ్మంలో అన్నయ్యని ఆపింది. "హోములో ఖాళీ అయిన మంచం ఇవాళ అయిదింటి దాకానే ఉంచుతామన్నారు. అక్కడ డ్రెస్సింగ్‌కి మనుషులున్నారు. ఆలోచించుకోండి."

ఆలోచించుకోవడానికి ఏముంది, వారం రోజులుగా ఇంట్లో పోట్లాట దాని గురించే. ఊరి చివర, మంచాన పడ్డవాళ్ళని చూసుకునే హోము. బస్సులో గంటన్నర ప్రయాణం. అన్నయ్య పేరు రాయించి వచ్చిన రోజు ఉడత అతనితో మాట్లాడటం మానేసింది.

ఇప్పుడు మాట్లాడింది.

"అమ్మ ఎక్కడికీ వెళ్ళదు."

"ఉడతా, పుండు చూశావు కదా."

"చూశా. నా వల్లే వచ్చింది, నేనే మాన్పుతా. పరుగు మానేస్తున్నా. సార్, ఇవాళ్టితో అయిపోయింది. నా పేరు తీసెయ్యండి."

"నువ్వు మానేస్తే అమ్మ లేచి నడుస్తుందా?" అన్నాడు అన్నయ్య.

"నడవదు. అక్కడ పడేస్తే నడుస్తుందా?"

"పడెయ్యడం అనకు."

"ఇంకేమనాలి? నీకు బస్సు ఉంది, వదినకి సిగ్గు అడ్డం, నాకు పరుగు. ముగ్గురం మూడు సాకులు చెప్పి చేతులు దులుపుకుంటున్నాం. అమ్మ వార్డులో అలాంటి వాళ్ళని ఎంతమందిని చూసిందో తెలుసా? ఆదివారం వస్తామని చెప్పి రానివాళ్ళని?"

"సిగ్గు నాది కాదు," అంది వదిన నెమ్మదిగా. "నేను రెండు చేతులూ చాపుకునే ఉన్నాను."

అన్నయ్య మొహం కందిపోయింది. ఏదో అనబోయి, మంచంవైపు చూసి, మింగేశాడు. అమ్మ అందర్నీ ఒకరి తరవాత ఒకర్ని చూస్తోంది. తన గురించి తన ఎదుటే మాట్లాడుకుంటుంటే విని ఊరుకోవడం ఆమెకి ఈ అయిదు నెలల్లో అలవాటైంది. ఆ అలవాటే చూడటానికి కష్టంగా ఉంది.

కోచ్ గొంతు సవరించుకున్నాడు.

"ఇంటి సంగతి నేను చెప్పకూడదు. పేరు తీసెయ్యమంటే తీసేస్తాను. కానీ ఇవాళ తియ్యను." ఉడత కళ్ళలోకి చూశాడు. "అయిదు నెలలు నిద్రలేని మనిషి మాట నేను లెక్కలోకి తీసుకోను. పరిగెడతానన్నా తీసుకోను, మానేస్తానన్నా తీసుకోను. నీ కాలే కాదు, నీ బుర్ర కూడా వాచి ఉంది. ముందు పడుకో. లేచాక అదే మాట చెప్పు, అప్పుడు వింటాను."

నోటుబుక్కు చంకలో పెట్టుకుని చెప్పులేసుకున్నాడు. మెట్లు దిగుతూ రైలింగు పట్టుకున్నాడు. గ్రౌండ్ మెట్లు దిగేటప్పుడు ఎప్పుడూ పట్టుకోడు.

గదిలో నలుగురూ మిగిలారు.

"ఒక్క గంట పడుకో," అంది వదిన. "ఒంటిగంటే అయింది. నేనుంటాను."

"నాకు నిద్ర రాదు."

నిలబడే తూలుతోంది, ఇంకా నిద్ర రాదట. వదిన మంచం మీద దుప్పటి సర్దింది.

"గంట తరవాత లేపాలి. హోముకి నేనే ఫోన్ చేసి వద్దని చెప్తా. అన్నయ్యా, నువ్వు చెయ్యకు. నాకు మాటివ్వు, లేపుతానని."

"లేపుతాలే," అన్నాడు అన్నయ్య.

ఉడత తన మంచం మీద వాలి, అమ్మవైపు తిరిగి పడుకుంది. మూర దూరంలో అమ్మ మొహం. అంతసేపు కోప్పడినందుకు ఇప్పుడు సిగ్గేసింది. ఏదో చెప్పాలి, పోనీ లేచాక చెప్పచ్చు అనుకుంది. అమ్మ ఎడం చెయ్యి మంచాల మధ్య జాగా దాటి వచ్చి నుదుటి మీద పడింది. వార్డులో జ్వరం చూసిన చెయ్యి, గరుకుగా, వెచ్చగా ఉంది.

"డ...తా," అంది అమ్మ. మొదటి అక్షరం ఎప్పుడూ లోపలే ఉండిపోతుంది.

"ఊఁ," అంది ఉడత. ఆ ఊఁ పూర్తయిందో లేదో తనకే తెలియదు.

కళ్ళు తెరిచేసరికి గది రంగు మారిపోయి ఉంది.

ముందు తెలిసింది కాలు. నొప్పి లేదు. వేళ్ళు కదిపి చూసుకుంది, పాదం వంచి చూసుకుంది, ఎముక మీద సలుపు లేదు. తల దూదిపింజలా తేలిగ్గా ఉంది. నోట్లో చేదు లేదు. ఒళ్ళంతా ఎవరో ఉతికి ఆరేసినట్టుంది. ఎన్ని నెలలైందో ఇలా లేచి. హాయిగా ఒళ్ళు విరుచుకుంది.

విరుచుకుంటూ పక్కకి తిరిగింది.

అమ్మ మంచం మీద దుప్పటి లేదు. దిండ్లు లేవు. పరుపు చుట్టి తలవైపు పెట్టారు. ఇనప పట్టీల మధ్యనుంచి గచ్చు కనిపిస్తోంది.

వదిన గుమ్మంలో పీట వేసుకుని కూర్చుని ఉంది. ఎంతసేపటి నుంచి కూర్చుందో, కాళ్ళు ముడుచుకుని, చీర కుచ్చెళ్ళు రెండు చేతుల్లో పట్టుకుని ఉంది.

"టైమెంత?"

"ఆరున్నర."

"లేపమన్నాను కదా."

వదిన ఖాళీ మంచంవైపు చూసింది.

"మాటిచ్చాడు. నాకు మాటిచ్చాడు వదినా. వాణ్ణి..."

"మీ అన్నయ్యని ఏమీ అనకు. రెండింటికి లేపడానికి వచ్చారు. నీ భుజం మీద చెయ్యి కూడా వేశారు. అత్తయ్యగారు ఆయన చొక్కా పట్టుకుని లాగేశారు. ఆ చేతిలో అంత బలం ఉందని నాకు తెలీదు." వదిన ఊపిరి తీసుకుంది. "మళ్ళీ మూడింటికి వచ్చారు. మళ్ళీ పట్టుకున్నారు. తరవాత ఆయన బయటికెళ్ళి మెట్ల మీద కూర్చున్నారు. ఫోన్ చెయ్యమని ఆవిడే సైగ చేశారు."

"ఆవిడ సైగ చేస్తే చేసెయ్యడమేనా?"

"మొదటిసారి నన్ను పిలిచారు ఉడతా."

వదిన మొహం ఒక్కసారిగా నలిగిపోయింది.

"చేత్తో ఇలా రమ్మన్నారు. బట్టలు మార్చమన్నారు. నన్నే. నేను ఒళ్ళు తుడిచాను, తల దువ్వాను, జడ వేశాను. మొహం తిప్పుకోలేదు. నా మొహంలోకే చూస్తూ ఉన్నారు. నేనే సరిగ్గా వెయ్యలేకపోయాను. పాయలు విడిపోతే ఆవిడే ఒక చేత్తో పట్టుకున్నారు."

ఉడత మంచం దిగి నిలబడింది.

"స్ట్రెచర్ తెచ్చారు ఇద్దరు. గుమ్మంలో బూట్లు చప్పుడు చేస్తుంటే అత్తయ్యగారు పెదవుల మీద వేలు పెట్టి, నిన్ను చూపించారు. వాళ్ళు బూట్లు విప్పేసి వచ్చారు. నీ మంచం పక్కనుంచే తీసుకెళ్ళారు, ఇంత దూరంలోంచి. నువ్వు కదల్లేదు."

"నేను కదల్లేదు," అంది ఉడత.

"గుమ్మం దాటాక కూడా అదే మాట. లేపొద్దు. మాట సరిగ్గా రాలేదు కానీ మాకు అర్థమైంది."

వీధిలో ఎవరో బండి తోసుకుంటూ వెళ్తున్నారు. ఎదురింట్లో దీపం వెలిగింది. ఉడత ఖాళీ మంచం పట్టె మీద చెయ్యి వేసింది. తన కళ్ళెదుట అమ్మని మోసుకుపోయారు, ఆ కళ్ళు మూసుకుని ఉన్నాయి. అమ్మ ఏడ్చిందో లేదో వదిన చెప్పలేదు. అడగడానికి ధైర్యం చాల్లేదు. దుఃఖం ముంచుకొస్తోంది, అయినా ఒళ్ళు తేలిగ్గానే ఉంది. కాలు నొప్పి లేకుండానే ఉంది. ఆ హాయి మీదే అసహ్యం వేసింది. దాన్ని ఒంట్లోంచి పీకి పారెయ్యాలనిపించింది, ఎలాగో తెలియలేదు.

"ఆఖరి బస్సు ఎన్నింటికి?"

"ఏడుంబావుకి. మీ అన్నయ్య ఇంకా అక్కడే ఉన్నారు. వెళ్తావా?"

వెళ్తే తను అమ్మని తీసుకొచ్చేస్తుంది. ఎవరు అడ్డమొచ్చినా తీసుకొచ్చేస్తుంది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. వెళ్ళకపోతే ఈ రాత్రి కూడా ఎనిమిది గంటలు ఎవరూ లేపరు. ఆ సంగతీ ఇద్దరికీ తెలుసు.

"వెళ్తా," అంది ఉడత.

గబగబా మొహం కడుక్కుంది. జుట్టు ముడేసుకుంది. పర్సు తీసి భుజానికి తగిలించుకుని, చెప్పులేసుకుని, వీధి గుమ్మం దాకా వచ్చింది. తలుపు గడియ మీద చెయ్యి వేసింది.

అప్పుడు ఆవలింత వచ్చింది.

ఆపుకోబోయింది. ఆగలేదు. అయిదున్నర గంటల నిద్ర ఒంటికి సరిపోలేదు, రుచి మాత్రం తగిలింది. దవడలు సాగి, కళ్ళలో నీళ్ళు తిరిగేంత పెద్ద ఆవలింత. వెనక గదిలో పక్క ఇంకా వెచ్చగానే ఉంటుందని, తను అడక్కుండానే, ఒళ్ళు గుర్తుచేసింది.

వదిన చూడకుండా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

వదిన చూసింది.